ఎర్రగీత మీద ముల్లు

పామూరు దాటేటప్పుడు ముల్లు సగంలోనే ఉంది.
వెనక, ఇనప తాడు చివర,
గేరుబాక్సు పగిలిన హజరత్తయ్య లారీ
సంతలో కొన్న గొడ్డులా
రానని మొరాయిస్తూ వస్తోంది.

మే నెల. రెండు గంటల ఎండ.
రోడ్డు మీద దూరంగా లేని నీళ్ళు మెరుస్తున్నాయి.
కనిగిరి పద్దెనిమిది అన్న రాయి కాడ
ముల్లు లేచింది.

ముప్పై ఏళ్ళ స్టీరింగులో
చెక్‌పోస్టుకు భయపడలా, రాత్రికి భయపడలా.
చిటికెనవేలంత ఈ ముల్లు
ఎర్రగీత వైపు జరిగితే మాత్రం
నా పొట్టలో కూడా ఏదో జరుగుద్ది.

చిల్లచెట్ల పక్కకి తీసి నిలబెట్టా.
ఇంజను మాత్రం ఆపలా.
ఉడికేదాన్ని చప్పున ఆపకూడదని
నాకు బండి నేర్పిన మీరావలి మాట:
"కోపంలో ఉన్న మనిషిని గదిలో తోసి
గొళ్ళెం పెడతావా?
కాసేపు ఆడనీ. దానంతటది దిగాల."
రేడియేటరు మూత జోలికి తొందరపడి పోకూడదని మాత్రం
ఆయన చెప్పలేదు.
మోచేతి దాకా అరటితొక్క రంగు తిరిగిన
తన కుడిచెయ్యి చూపించాడు, అంతే.

బెల్టు నొక్కి చూశా, బిగువుగానే ఉంది.
ఫ్యాను తిరుగుతోంది.
గొట్టాలకు చెమ్మ లేదు.
ఆయిలు పుల్ల తుడిచి ముంచి తీశా,
నల్లగా ఉంది, పాలు విరిగిన రంగు లేదు.
బతికాం, హెడ్డు పోలేదు.
జాలీలో రెండు ఎండిన తూనీగలు,
వేళ్ళకంటిన చీమకుర్తి రాతిపొడి.
దులిపా. ఊదా. గుడ్డ తడిపి తుడిచా.

నీళ్ళు తగ్గినయ్.
బడ్డీకొట్టు రవణమ్మ నన్ను ఆపింది,
"బోరు నీళ్ళు పొయ్యబాక అబ్బయా.
నా మోకాళ్ళలో సున్నం కట్టినయ్యి,
నీ ఇనపదాంట్లో కట్టవా?"
తాగే నీళ్ళ క్యాను దొర్లించుకుంటూ తెచ్చింది.
పాతిక రూపాయలు లెక్కపెట్టి తీసుకుంది.
గోనెపట్టా మూత మీద కప్పి,
మొహం అవతలికి తిప్పి,
పాము తల తిప్పినట్టు కొంచెం కొంచెంగా తిప్పా.
బుస్సుమంది. ఆగా. మళ్ళీ బుస్సుమంది.
దారం లావున పోశా,
పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు.

ముల్లు దిగింది.
రెండు కిలోమీటర్లు. మళ్ళీ లేచింది.

ఈసారి బానెట్టు ఎత్తలా.
తాడు పక్కనే వెనక్కి నడిచా.
నడుస్తుంటే వాసన,
కాలిన గోళ్ళ వాసన లాంటిది.
హజరత్తయ్య ముందు చక్రం డ్రమ్ము మీద
సీసాలో మిగిలిన చుక్క చల్లితే
పెనం మీద దోసెలా చుయ్యిమంది.

నా ఇంజనులో జబ్బు లేదు.
నేను లాగుతున్నా, వాడు ఆపుతున్నాడు.
పద్దెనిమిది టన్నుల గొడవ
మా ఇద్దరి మధ్య తాడు మీద నడుస్తోంది.

"కాలు యాడుందిరా?"
వాడు కిందికి చూశాడు,
ఇంకెవడి కాలో చూసినట్టు.
బ్రేకు మీద ఉంది.
"నీ బండికి తగులుతానేమోనని అన్నా..."

ఆరేళ్ళ కింద వాడు నా క్లీనరు.
సింగరాయకొండ వేబ్రిడ్జి కాడ
వెనక్కి తీస్తూ నా బండికి సొట్ట పెట్టాడని
నలుగురి ముందు చెంప పగలగొట్టిన చెయ్యి ఇదే.
అది చెంప మీద ఉందనుకున్నా ఇన్నాళ్ళూ.
కాల్లోకి దిగి కూర్చుందని
ఇప్పుడు తెలిసింది.

ఏమనాలో తెలీలా.
డ్రమ్ములు చల్లారిందాకా
ఇద్దరం లారీ నీడలో కూర్చుని
రవణమ్మ క్యాను అడుగునున్న నీళ్ళు తాగాం.
డీజిలు ధర గురించి మాట్లాడుకున్నాం.
లేచేటప్పుడు చెప్పా,
"తాడు వదులైతేనే తొక్కు.
తగిల్తే తగలనీ.
దానికి సొట్టలు కొత్తా?"

ముల్లు సగానికొచ్చి అక్కడే ఆగింది.
కనిగిరిలో స్పీడుబ్రేకరు కాడ
నా వెనక ఠక్కుమని చిన్న చప్పుడు.
అద్దంలో వాడి మొహం,
రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి లేపేశాడు.

హారను ఒక్కసారి కొట్టా, పొట్టిగా.
అది తిట్టు కాదని
వాడికి అర్థమైందో లేదో.